దువ్వెన చూస్తే మంచం కిందికి దూరే కుక్కను మళ్లీ చేతికి మచ్చిక చేసుకోవడం

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడేళ్ల పొమేరియన్, పేరు లడ్డు. పోయిన ఏప్రిల్‌లో హనుమకొండ ఎండలకు తట్టుకోలేడని ఒక షాపులో ఒళ్లంతా నున్నగా గీయించారు. అక్కడి నుంచి వచ్చినప్పటి నుంచీ దువ్వెన కనపడితే చాలు మంచం కిందికి దూరుతున్నాడు. చెవుల వెనక వెంట్రుకలు ఉండలు కట్టాయి. గోళ్లు తీయబోతే మీ ఆయన చేతిని పళ్లతో పట్టాడు, రక్తం మాత్రం రాలేదు. ఇల్లంతా బొచ్చే అని అత్తమ్మ విసుక్కుంటున్నారు. ఇంట్లో మేమే చేసుకోగలమా, వాడు మళ్లీ మునుపటిలా దగ్గరికి వస్తాడా అని అడిగారు.

వస్తాడు. ఇంట్లో చేసుకోవడమే దీనికి మందు కూడా. కాకపోతే మొదటి రెండు వారాలు దువ్వెన ముట్టుకోవద్దు. ఈ ఒక్క మాట పాటిస్తే మిగతా దారి సులువు.

నేను పశువుల దవాఖానల్లో వెటర్నరీ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలోనే నా సర్వీసు చాలావరకు గడిచింది. ఇప్పుడు వడ్డేపల్లి దగ్గర ఉంటున్నాను, ఇంట్లో రెండు కుక్కలు, ఒక పిల్లి. పొద్దున లేస్తే వాటి ఒళ్లు చూడటంతోనే నా రోజు మొదలవుతుంది.

ముందు ఒక పని చేయండి. లడ్డును డాక్టరుకు చూపించండి. ముట్టుకోనివ్వని కుక్కకు చాలాసార్లు ఎక్కడో నొప్పి ఉంటుంది. చెవిలో చీము, ఉండల కింద పుండు, వేళ్ల సందుల్లో రక్తం పీల్చే గోమారి, ఇవేవీ పైకి కనపడవు. నొప్పి ఉన్న చోట మనం ప్రేమగా నిమిరినా వాడికి అది దెబ్బే. నొప్పి లేదని తేలాకే భయం సంగతి. ఆ ఉండలు మరీ గట్టిగా, చర్మానికి అంటుకుపోయి ఉంటే వాటిని కూడా అక్కడే మెషిన్‌తో తీయించేయండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, ఊళ్లో ప్రభుత్వ పశువుల దవాఖాన ఉంది, మీకు అలవాటైన డాక్టరున్నా సరే.

ఇక భయం ఎందుకొచ్చిందంటే, వాడి వైపు నుంచి చూడండి. తెలియని మనుషులు, ఎత్తైన బల్ల, మెడకు కట్టు, చెవి పక్కనే గుర్రుమనే మెషిన్, ముఖం మీదికి వేడిగాలి. దిగిపోదామంటే వీల్లేదు. ఇంటివాళ్లు కనపడరు. ఆ గంటసేపట్లో వాడికి ఒక సంగతి గట్టిగా నాటుకుంది: నేను వద్దన్నా ఎవరూ ఆగరు అని. ఆ షాపువాళ్లు కొట్టి ఉండాల్సిన పనేమీ లేదు, గట్టిగా పట్టుకుంటే చాలు. ఇప్పుడు మీరు మార్చాల్సింది ఆ ఒక్క నమ్మకాన్నే. నేను వద్దంటే మా అమ్మ ఆగుతుంది అని వాడికి తెలియాలి. అది తెలిసిన కుక్క చాలా అరుదుగా వద్దంటుంది.

ఈ విద్య నాకు దవాఖానలో రాలేదు, మా నాయన దగ్గర వచ్చింది. ఏరువాక పున్నమి ముందు రోజు ఎడ్లను చెరువుకు తోలుకుపోయి కడిగేవాళ్లం. నాయన గడ్డి చుట్ట తీసుకుని ముందు మెడ కింద గంగడోలు దగ్గర రుద్దేవాడు. ఎద్దు మెడ చాచేది. అది మెడ చాచేదాకా వీపు జోలికి పోయేవాడు కాదు, కాళ్ల జోలికైతే అసలే పోయేవాడు కాదు. నేను తొందరపడి గిట్టలు కడగబోతే, "ఆగు బిడ్డా, అది ఇంకా ఇయ్యలేదు" అనేవాడు. ఇయ్యడం అంటే ఒళ్లు ఇయ్యడం. ఆవులు ఒకదాన్నొకటి నాకేది కూడా ఎక్కువగా మెడ దగ్గరే. వాటికి ఇష్టమైన చోటు అదని పుస్తకం చదవకుండానే మా నాయనకు తెలుసు. కుక్కకైనా పిల్లికైనా అదే లెక్క. ఒళ్లు ఇచ్చేదాకా ఆగాలి.

మొదటి రెండు వారాలు ఇలా చేయండి. సాయంత్రం వాకింగ్ అయ్యాక, వాడు కాస్త అలసి ఉన్నప్పుడు, కింద కూర్చోండి. మీదికి వంగి నిలబడొద్దు, అది వాడికి బెదిరింపులా ఉంటుంది. పక్కకు తిరిగి కూర్చుని, చెయ్యి కింది నుంచి తీసుకెళ్లి ఛాతీ మీదో, మెడ పక్కనో, చెవి మొదట్లోనో మూడు సెకన్లు నిమరండి. ఆపేయండి. చెయ్యి మీ ఒళ్లో పెట్టుకోండి. ఇప్పుడు వాడు ఏం చేస్తాడో చూడండి. ముక్కుతో మీ చేతిని తోస్తే, ఇంకాస్త దగ్గరికి జరిగితే, ఇంకో మూడు సెకన్లు. అటు తిరిగితే, లేచిపోతే, పోనివ్వండి. పిలవొద్దు. తల మీద తట్టడం, తోక పట్టుకోవడం, పాదాలు ముట్టుకోవడం ఈ రెండు వారాలు వద్దే వద్దు.

మా రాణి సంగతి చెప్తాను. వీధిలో దొరికిన కుక్క. ఎవరో వేణ్నీళ్లు పోశారు, నడుము మీద అరచేతి వెడల్పున బొచ్చు లేని మచ్చ ఉంది. ఎవరు చెయ్యెత్తినా నేలకు అతుక్కుపోయేది. నేను రోజూ సాయంత్రం వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని చాయ్ తాగేవాణ్ని. అది నాలుగడుగుల దూరంలో పడుకునేది. నేను దాని వైపు చూసేవాణ్ని కాదు, అరచెయ్యి పైకి తిప్పి నేల మీద పెట్టి ఉంచేవాణ్ని. వారం తర్వాత వచ్చి వేలి కొసను వాసన చూసింది. ముక్కు చల్లగా తగిలింది, ఉలిక్కిపడి వెనక్కి పోయింది. నేను కదల్లేదు. నెల దాటాక ఒకరోజు వచ్చి గదుమ నా అరచేతిలో పెట్టింది. తల బరువంతా చేతిలో వదిలేసింది. చాయ్ చల్లారిపోయింది, చేయి తిమ్మిరెక్కింది, అయినా కదిలించబుద్ధి కాలేదు. ఆ మచ్చ దగ్గర నన్ను ముట్టుకోనివ్వడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. లడ్డుకు అంత కాలం పట్టదు. వాడికి మీరంటే ఇష్టం ఇప్పటికే ఉంది, భయం ఆ పనిముట్ల మీద.

కుక్క వద్దంటున్నది తెలుసుకోవడం నేర్చుకోండి. అది మొరగడంతో మొదలవదు. తిండి లేకుండానే పెదవులు నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల అటు తిప్పి కంటి తెల్లగుడ్డు కనపడేలా ఓరగా చూస్తుంది. ఒళ్లు బిగుసుకుంటుంది. బుద్ధిగా కూర్చుంది అని చాలామంది పొరపడేది ఈ బిగుసుకున్న కుక్కను చూసే. ఇవన్నీ అయ్యాక కూడా మనం ఆగకపోతే గుర్రుమంటుంది. గుర్రుమంటే తిట్టొద్దు, కొట్టొద్దు. అది మర్యాదగా చెప్పే చివరి మాట. దాన్ని కూడా నోరు మూయిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. మీ ఆయనను పట్టిన రోజు కూడా వాడు ముందు చెప్పే ఉంటాడు, మీరు గమనించి ఉండరు. ఎవరి తప్పూ లేదు, ఆ భాష మనకెవరూ నేర్పలేదు.

మూడో వారంలో దువ్వెన బయటికి తీయండి, కానీ దువ్వడానికి కాదు. వాడు తినే గిన్నెకు రెండడుగుల దూరంలో నేల మీద పెట్టండి. రోజూ కాస్త దగ్గరికి జరపండి. తర్వాత చేతిలో పట్టుకుని, చూపించి, ఉడికించిన చికెన్ ముక్క ఒకటి పెట్టి, దువ్వెన దాచేయండి. ముక్క గోరంత ఉంటే చాలు, ఉప్పూ కారం ఉల్లిగడ్డ తగలకూడదు. కిస్మిస్, చాక్లెట్ పొరపాటున కూడా పెట్టకండి, కుక్కలకు విషం. వరస మాత్రం తప్పొద్దు: ముందు దువ్వెన, తర్వాత ముక్క. ముక్క చూపించి పిలిచి దువ్వెన తీశారో, చికెన్‌ను కూడా అనుమానించడం మొదలుపెడతాడు. దువ్వెన కనపడగానే వాడు మీ రెండో చేతి వైపు ఆశగా చూసిన రోజున, దువ్వెన వెనకవైపుతో ఛాతీ మీద ఒక్కసారి నిమరండి. మర్నాడు పళ్లవైపుతో ఒక్కసారి. అంతే. రోజుకు రెండు నిమిషాలు మించొద్దు, వాడు ఇంకా కావాలన్నట్టు ఉన్నప్పుడే లేవండి.

పనిముట్లు రెండు చాలు. వంగిన సన్నటి తీగలుండే స్లిక్కర్ బ్రష్ ఒకటి, వెడల్పు పళ్ల స్టీలు దువ్వెన ఒకటి. స్లిక్కర్‌ను ముందు మీ ముంజేతి లోపలివైపు గీసుకుని చూడండి. మీకు చురుక్కుమంటే వాడికీ అంతే. మన దగ్గర పొమేరియన్ అని అమ్మేవి చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. రెంటికీ బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది, పైన పొడుగాటి గట్టి వెంట్రుక, కింద దూదిలాంటి నూగు. పైపైన దువ్వితే పైపొర మెరుస్తుంది, కింద నూగు మాత్రం కంబళిలా అతుక్కునే ఉంటుంది. అందుకని ఒక చేత్తో బొచ్చు పైకి పాయలా ఎత్తిపట్టి, చర్మం కనపడే చోటు నుంచి కొద్దికొద్దిగా కిందికి దువ్వాలి. తర్వాత ఇంకో పాయ వదలాలి. ఒకరోజు ఒక తొడ, ఇంకోరోజు ఛాతీ. ఒళ్లంతా ఒకేసారి చేయాలన్న రూలేమీ లేదు.

ఇక్కడ నాదొక మాట వినండి. దువ్వెన మీ అత్తమ్మ చేతికివ్వండి. మనవరాళ్లకో, ఆడపిల్లలకో జడలు వేసిన చెయ్యి అయ్యుంటుంది కదా. చిక్కు తీసేటప్పుడు ఆ చెయ్యి కుదురు దగ్గర గట్టిగా పట్టుకుని, కొస నుంచి మొదలుపెడుతుంది, పిల్లకు నొప్పి తెలియకుండా. కుక్కకు చేయాల్సింది కచ్చితంగా అదే. మా ఇంట్లో మా ఆవిడ చేతిలో ఉన్నంత నెమ్మది నా చేతిలో ఎప్పుడూ లేదు, కుక్కలకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు. వాడు బాగా అలవాటు పడ్డాక, పొద్దున డాబా మీద పది నిమిషాలు దువ్వితే రాలే బొచ్చంతా దువ్వెనకే వస్తుంది, చీపురుకు పని తగ్గుతుంది. ఆమె విసుగుకు కూడా అదే జవాబు.

చిన్న ఉండలకు వేళ్లే ముఖ్యం. చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి, ఉండను రెండు వేళ్లతో విడదీస్తూ చిన్నచిన్న పాయలు చేసి, ఆ తర్వాతే దువ్వెన. కత్తెర మాత్రం పెట్టొద్దు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒకరి కుక్కకు చెవి వెనక ఉండ కత్తెరతో తీయబోయాను. ఉండ లాగినప్పుడు చర్మం కూడా గుడారంలా పైకి లేస్తుందని అప్పటికి నాకు తెలియదు. చర్మం తెగింది, మూడు కుట్లు పడ్డాయి. పుండు పది రోజుల్లో మానింది. ఆ కుక్క మాత్రం అది బతికినన్నాళ్లు మా దవాఖాన గేటు దాటి లోపలికి రాలేదు. ఆ యజమాని నన్ను ఒక్క మాట అనలేదు, అది ఇంకా బాధ.

గుండు గీయించడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మళ్లీ ఏప్రిల్ వస్తుంది. రెండు పొరల బొచ్చున్న కుక్కకు ఎండాకాలమని గీయించకండి. ఆ బొచ్చు చలిని ఆపినట్టే ఎండ వేడినీ చర్మానికి తగలకుండా ఆపుతుంది. గీసేస్తే చర్మం కమిలిపోతుంది. స్పిట్జ్ జాతుల్లో కొన్నిటికి ఆ బొచ్చు మళ్లీ సరిగా రాదు, వచ్చినా అతుకులు అతుకులుగా వస్తుంది. లడ్డుకు తిరిగి వచ్చింది కాబట్టి అదృష్టమే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల మెత్తల్లో కాస్త పడుతుందంతే. నాలుక చాచి రొప్పడమే వాటి కూలరు. కాబట్టి ఎండాకాలం చేయాల్సింది రాలిన నూగును దువ్వి తీసేసి గాలి ఆడేలా చేయడం, గచ్చు మీద తడి గోనెసంచి పరచడం, నీళ్ల గిన్నెలు రెండు పెట్టడం. వాకింగ్ పొద్దున ఏడు లోపు, లేదా రోడ్డు చల్లారాక. మన దగ్గర 44 డిగ్రీలు పడిన రోజున రాత్రి ఎనిమిదింటికి కూడా తారు రోడ్డు కాలుతూ ఉంటుంది. మీ చేతి వెనకభాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచగలిగితేనే వాణ్ని నడిపించండి.

స్నానం. మూడు నాలుగు వారాలకోసారి చాలు, ప్రతి ఆదివారం పోస్తే చర్మంలో నూనె పోయి దురద మొదలవుతుంది. ముందు దువ్వాలి, తర్వాతే నీళ్లు. చిక్కు తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు నేరుగా పోయకండి, చర్మం కాలేంత వేడి ఉంటాయి. నీళ్లు మీ మోచేతికి గోరువెచ్చగా తగలాలి. కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. ముఖం మీద నీళ్లు గుమ్మరించొద్దు, తడిగుడ్డతో తుడవండి. కింద తడి గచ్చు జారితే వాడి భయం రెట్టింపవుతుంది, రబ్బరు మ్యాటో, పాత గోనెసంచో వేయండి. షాంపూ కుక్కలదే వాడండి. వాటి చర్మం మన చర్మమంత ఆమ్లంగా ఉండదు, మన షాంపూ దానికి పడదు. బట్టల సబ్బు, డెటాల్, ఫినాయిల్ వద్దు. కుంకుడురసం కళ్లలో పడితే ఎంత మండుతుందో మన అందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు, వాడి మీద ఆ ప్రయోగం వద్దు. మీకు బోరు నీళ్లయితే, ఉప్పు నీళ్లకు షాంపూ సరిగా వదలదు, ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోయండి. బొచ్చు వేళ్ల మధ్య కిర్రుమనాలి, జారకూడదు. వానాకాలంలో తడి ఆరేదాకా వదలొద్దు. పైన ఆరినట్టే ఉంటుంది, కింద నూగు తడిగానే ఉంటుంది, మూడో రోజుకు వాసన, ఆ తర్వాత పుండు. తువ్వాలుతో రుద్దకుండా ఒత్తండి, ఫ్యాను కింద పడుకోబెట్టి వేళ్లతో విడదీస్తూ ఆరబెట్టండి.

రోజూ ముట్టుకోవడం వల్ల నిజమైన లాభం గోమార్ల దగ్గర తెలుస్తుంది. కొన్ని చోట్ల పిడుదులు అంటారు. వానలు మొదలయ్యాక మన దగ్గర వీటి బెడద చాలా ఎక్కువ. రక్తం తాగిన ఆడ గోమారి బఠాణీ గింజంత ఉబ్బి, రాలిపోయి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. దాని కాటుతో వచ్చేదే టిక్ ఫీవర్. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, చిగుళ్లు పాలిపోతాయి, పొట్ట మీద ఎర్రచుక్కలు, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. ముందే పడితే మందులకు లొంగుతుంది. రెండేళ్ల కిందట రాణికి దువ్వుతుంటే అది ఎప్పటిలా ఒళ్లు వదల్లేదు. బిగుసుకోలేదు, పక్కకూ పోలేదు, ఊరికే బరువు లేనట్టు పడుకుంది. తిండి మామూలుగానే తింటోంది, ఇంట్లో ఎవరికీ తేడా తెలియలేదు. పెదవి ఎత్తి చూస్తే చిగురు తెల్లగా ఉంది. అదే సాయంత్రం రక్తపరీక్ష చేయిస్తే అనుకున్నదే అయింది. రోజూ ఆ ఒంటి మీద చెయ్యి పడి ఉండకపోతే ఇంకో వారం దాకా నాకు తెలిసేది కాదు.

గోమార్లు దాక్కునేవి చెవి మడతల్లో, మెడపట్టీ కింద, చంకల్లో, కాలి వేళ్ల సందుల్లో, తోక మొదట్లో. దువ్వేటప్పుడు ఈ చోట్లు వేలి కొసతో తడమండి, గింజలా తగులుతుంది. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి దాని తల దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. ఉత్త చేతులతో పట్టుకోవద్దు, గోటితో నలపొద్దు. స్పిరిట్ పోసిన సీసాలో వేసేయండి. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం ఊళ్లలో ఇంకా చూస్తుంటాను. కిరోసిన్ చర్మాన్ని కాలుస్తుంది, కుక్క నాకితే కడుపులోకి పోతుంది. గోమారి కూడా చచ్చేలోపు నోట్లోది వెనక్కి కక్కుతుంది. ఒంటికి వాడే చుక్కలు, మాత్రలు డాక్టరు వాడి బరువును బట్టి ఇస్తారు, చెప్పిన గడువు తప్పకుండా వాడండి. వాడు పడుకునే చోటు గోడ పగుళ్లు సిమెంటుతో మూయించండి, అది మందు కంటే తక్కువేమీ కాదు.

గోళ్ల విషయంలో మీరిప్పుడు కట్టర్ పట్టుకోనే వద్దు. జానెడు వెడల్పు చెక్క ముక్కకు గరుకు కాగితం, అదే వడ్రంగి వాడే సాండ్ పేపర్, ఫెవికాల్‌తో అతికించండి. దాన్ని ఏటవాలుగా పట్టుకుని, కింద చికెన్ ముక్క దాచండి. లడ్డే తన ముందుకాళ్లతో గీరుతాడు, గీరిన ప్రతిసారీ మెచ్చుకోండి. గోళ్లు వాటంతటవే అరుగుతాయి, వాడి కాలు ఎవరూ పట్టుకోలేదు. భయపడిన కుక్కలకు దీన్ని మించిన ఉపాయం నాకు తెలియదు. కాలి లోపలివైపు కాస్త పైన ఉండే గోరు మాత్రం నేలకు తగలదు, దీనికీ అందదు. అది వంకరగా పెరిగి చర్మంలోకి దిగుతుంది. దాన్ని డాక్టరు దగ్గర తీయించండి. కొన్ని నెలలు గడిచి, వాడు పాదం మీ చేతిలో వదిలేసే రోజు వచ్చాక కట్టర్ నేర్చుకోవచ్చు. అప్పుడు కూడా రోజుకు ఒక్క గోరు, బియ్యపుగింజంత కొస. గోరు లోపల రక్తం, నరం ఉండే మెత్తటి భాగం ఉంటుంది, నల్లగోళ్లలో అది కనపడదు. రక్తం వస్తే కార్న్‌ఫ్లోర్ అద్ది రెండు నిమిషాలు ఒత్తిపట్టండి.

చెవులు వారానికోసారి వాసన చూస్తే చాలు. శుభ్రంగా ఉన్న చెవిలో ఏమీ పోయొద్దు, పుల్లకు చుట్టిన దూది అసలే పెట్టొద్దు. పళ్లకు మన పేస్టు వద్దు, కుక్కలది వేరే దొరుకుతుంది.

మీ చిన్నబాబు కూడా చేస్తానంటున్నాడన్నారు. ముక్కలు పెట్టే పని వాడికివ్వండి. దువ్వెన పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, వాళ్లిద్దర్నీ ఒంటరిగా వదలొద్దు. లడ్డు మంచం కిందికి పోతే అది వాడి గది, ఎవరూ చెయ్యి పెట్టి లాగకూడదు అని ఇంట్లో అందరికీ చెప్పండి. రేబిస్ టీకా ఈ ఏడాదిది పడిందో లేదో ఈ రోజే చూడండి. పన్ను గీసుకున్నా సరే, సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే దవాఖానకు పోవాలి. మన కుక్కే కదా అనుకోవద్దు. మీ ఆయన విషయంలో రక్తం రాలేదన్నారు, అయినా చర్మం గీరుకుందేమో డాక్టరుకు ఒకసారి చెప్పండి.

కింది వాటాలో పిల్లి మీ ఇంటికి వస్తోందని చివర్లో రాశారు కదా. దానికి స్నానం అక్కర్లేదు, తన ఒళ్లు అదే చూసుకుంటుంది. బుగ్గలు, గదుమ కింద అయితే ఒప్పుకుంటుంది, పొట్ట వద్దు. తోక కొస టపటపా కొట్టడం మొదలైతే మీ టైం అయిపోయినట్టే. లడ్డుకు వాడే గోమార్ల మందు దానికి పొరపాటున కూడా పూయకండి. కుక్కల మందుల్లో కొన్నిట్లో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లి ప్రాణం తీస్తుంది. లడ్డుకు చుక్కలు వేసిన రోజున, ఒళ్లు ఆరేదాకా రెంటినీ ఒకచోట ఉంచకండి.

బంధం పెరుగుతుందా అన్నారు. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో ఒక సంగతి చూపించారు. కుక్క, దాని మనిషి ఒకరి కళ్లలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్నప్పుడు ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. పాలిచ్చే తల్లికి బిడ్డ మీద ప్రేమను పెంచే హార్మోను అదే. నేను పరీక్షలు చేయలేదు గానీ, దువ్వేటప్పుడు మధ్యలో ఆపితే రాణి తల తిప్పి నా కళ్లలోకి చూసే చూపు ఒకటుంది. రోజు మొత్తంలో ఇంకెప్పుడూ అలా చూడదు.

ఈ రాత్రి నుంచే మొదలుపెట్టండి. దువ్వెన బీరువాలో పెట్టేయండి, మంచానికి కాస్త దూరంగా నేల మీద కూర్చోండి, అరచెయ్యి పైకి తిప్పి ఉంచండి. ఒక పాత నోటుబుక్కులో ఏ రోజు ఎక్కడ ముట్టుకోనిచ్చాడో, ఎక్కడ పెదవి నాక్కున్నాడో ఒక్కో లైను రాసుకోండి. రెండు వారాలయ్యాక ఆ లైన్లు, డాక్టరు చెవులు చూసి ఏం చెప్పారో నాకు రాయండి. చెవుల వెనక ఇంకా ఉండలు మిగిలి ఉంటే, వాటికి ఏ వైపు నుంచి చెయ్యి పోనివ్వాలో అప్పుడు చెప్తాను.